గేర్‌బాక్సులో రోజ్ మిల్క్

ఆటోమేటిక్ కార్లలో గేర్ ఆయిలూ, ఇంజిన్ కూలెంటూ పక్కపక్కనే ప్రవహిస్తుంటాయి. మధ్యలో ఉండేది పల్చటి లోహపు గోడ ఒక్కటే. దానికి చిల్లు పడిన సంగతి కారు ముందుగానే చెబుతుంది. మనమే ఆలస్యంగా వింటాం.

ఆటోమేటిక్ కారు గేర్‌బాక్సు డ్రెయిన్ బోల్టు విప్పితే ట్రేలోకి ఎర్రటి, తేటైన నూనె దిగాలి. పాతబడితే గోధుమరంగుకు తిరగొచ్చు, ఇంకా పాతబడితే నల్లబడి మాడువాసన కొట్టొచ్చు. కానీ రాజమండ్రి రోజ్ మిల్క్ లాంటిది నురగతో సహా దిగిందంటే మాత్రం మెకానిక్ ఓ క్షణం ఆగిపోతాడు. రేడియేటర్లో ఉండాల్సిన కూలెంట్ గేర్‌బాక్సులోకి వచ్చి, నూనెతో కలిసి చిలికినట్టయిందన్నమాట. ఆపైన మాట్లాడుకునేది బిల్లు గురించే. రేడియేటర్ ఖర్చు వేలల్లో తేలుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది.

అమెరికాలో ఈ రంగుకు ఓ చరిత్రే ఉంది. 2005 నుంచి 2010 మోడళ్ల దాకా నిస్సాన్ పాత్‌ఫైండర్, ఫ్రాంటియర్, ఎక్స్‌టెరా బండ్లు కొన్నవాళ్లలో చాలామందికి ఇది అనుభవమైంది. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి రెండు ద్రవాలూ కలిసిపోయేవి. ‘ప్రాణం తీసే స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్’ అని ఆ యజమానులే దానికి పేరు పెట్టుకున్నారు. ఫిర్యాదులు పెరగడంతో నిస్సాన్ 2010లో ఆ రేడియేటర్ల వారంటీని 8 ఏళ్లు లేదా 80 వేల మైళ్ల (సుమారు 1.29 లక్షల కిలోమీటర్లు) దాకా పొడిగించింది. ఆ తర్వాత కోర్టులో కుదిరిన రాజీతో 10 ఏళ్లు, లక్ష మైళ్ల దాకా తీసుకెళ్లింది. అయితే ఆ అదనపు కాలంలో ఖర్చులో కొంత యజమానే భరించాలన్న షరతు పెట్టింది. చదువుకో, ఉద్యోగానికో వెళ్లి అక్కడ చవగ్గా పాత ఎస్‌యూవీ కొందామనుకునే మన పిల్లలు ఆ మోడల్ సంవత్సరాలు గుర్తుంచుకుంటే మంచిది.

ఒకే ఇంట్లో రెండు కాపురాలు

అసలు ఈ రెండింటినీ అంత దగ్గరగా ఎందుకు పెట్టారు?

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనె మామూలు గేర్ ఆయిల్‌లా పళ్లచక్రాలను తడిపి ఊరుకోదు. ఇంజిన్ శక్తిని టార్క్ కన్వర్టర్లో చక్రాల వైపు అందించేది అదే. గేరు మారడానికి క్లచ్ ప్లేట్లను ఒత్తిపట్టే ఒత్తిడీ దానిదే. ఆ పనిలో అది విపరీతంగా వేడెక్కుతుంది. ఎంత వేడెక్కితే అంత త్వరగా చెడిపోతుంది. అందుకే చాలా కార్లలో ఆ నూనెను పైపుల ద్వారా ముందుకు తీసుకొచ్చి, రేడియేటర్ పక్క ట్యాంకులో అమర్చిన చిన్న కూలర్ గుండా పంపి తిరిగి వెనక్కి తెస్తారు. కూలర్ చుట్టూ కూలెంట్ ఉంటుంది. నూనె బాగా కాగినప్పుడు కూలెంట్ దాన్ని చల్లార్చుతుంది. చలికాలం పొద్దున్న నూనె గడ్డకట్టినట్టు చిక్కగా ఉంటే అదే కూలెంట్ దాన్ని వెచ్చబరుస్తుంది. కొన్ని కొత్త కార్లలో ఈ కూలర్‌ను రేడియేటర్లో పెట్టకుండా గేర్‌బాక్సుకే ప్లేట్ల దొంతరలా బిగిస్తున్నారు. స్థలం మారింది గానీ మధ్యనున్నది పల్చటి గోడే. తెలివైన ఏర్పాటే, గోడ గట్టిగా ఉన్నంతకాలం.

గోడకు చిల్లు పడితే ఏది ఎటు వెళ్తుందన్నది ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు గేర్‌బాక్సు పంపు నూనెను తోస్తూనే ఉంటుంది కాబట్టి సాధారణంగా నూనె వైపే ఒత్తిడి ఎక్కువ. అప్పుడు నూనె కూలెంట్లోకి వెళ్తుంది. ఇంజిన్ ఆపగానే పంపు ఆగి, నూనె ఒత్తిడి సున్నాకు పడిపోతుంది. రేడియేటర్ మాత్రం కాగుతూనే ఉంటుంది. మూత బిగించి ఉన్న ఆ వ్యవస్థలో సుమారు ఒక బార్ ఒత్తిడి చాలాసేపు నిలిచి ఉంటుంది. ఆ సమయంలో కూలెంట్ గేర్‌బాక్సులోకి దిగుతుంది. హైవే మీద వంద కిలోమీటర్లు కొట్టి టిఫిన్‌కు ఆగినప్పుడు, ఇంటికొచ్చి తాళం తీసి లోపలికి వెళ్లాక, నష్టం జరిగేది అప్పుడే. మొదట్లో నడుస్తున్నంతసేపు కారులో ఏ లోపమూ కనబడకపోవడానికి కారణం ఇదే.

కాగితమంటే నమ్మరు గానీ

గేర్‌బాక్సులో క్లచ్ ప్లేట్ల మీద ఉండే రాపిడి పొర కాగితంతో చేసింది. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. సెల్యులోజ్ నారలు, వాటిలో కొన్ని గట్టి పదార్థాలు కలిపి, రెసిన్‌తో తడిపి కాల్చి, స్టీలు చక్రానికి జిగురుతో అతికిస్తారు. కావాలనే దాన్ని సూక్ష్మమైన రంధ్రాలతో చేస్తారు. నూనె అందులోకి ఇంకి, ప్లేట్లు ఒరుసుకునేటప్పుడు బయటికొచ్చి వేడిని లాక్కుపోవాలని. అవే రంధ్రాల్లోకి నీళ్లూ దూరతాయి. ఒకసారి దూరాయంటే నూనెను పక్కకు నెట్టేసి కాగితాన్ని పట్టుకుంటాయి. జిగురు వదులవుతుంది. స్టీలు మీద తుప్పు మొదలవుతుంది. కొన్నాళ్లకు కాగితం పొరలు పొరలుగా ఊడి, ఫిల్టర్‌లోనూ, నూనెను మళ్లించే వాల్వ్ బాడీ సన్నటి దారుల్లోనూ చేరి అడ్డుపడుతుంది. కొన్ని గేర్‌బాక్సుల్లో కంట్రోల్ కంప్యూటర్ కూడా నూనెలోనే మునిగి ఉంటుంది. పైన చెప్పిన నిస్సాన్ 5 గేర్ల బాక్సు అలాంటిదే. నూనెలో బతికేలా చేసిన ఆ సర్క్యూట్లు కూలెంట్లో బతకవు.

కూలెంట్‌లో సగం దాకా ఉండే ఇథిలిన్ గ్లైకాల్ వేరే రకంగా పాడుచేస్తుంది. ప్లేట్ల మధ్య రాపిడి తీరునే మార్చేస్తుంది. దాని ప్రభావం మొదట తగిలేది టార్క్ కన్వర్టర్లోని లాకప్ క్లచ్‌కు. ఇప్పటి కార్లలో ఆ క్లచ్ పూర్తిగా బిగుసుకోకుండా, కావాలనే కొద్దిగా జారుతూ పనిచేస్తుంది. అలా నునుపుగా జారాలంటే నూనె రసాయనం కచ్చితంగా కుదరాలి. గ్లైకాల్ చేరగానే ఆ జారుడు పట్టి వదిలి, పట్టి వదిలి అన్నట్టు అవుతుంది. డ్రైవరుకు అది సన్నటి వణుకుగా తెలుస్తుంది.

2000ల తొలి ఏళ్లలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ సి, ఇ క్లాస్ కార్లలో ఇదే జరిగింది. వాలియో తయారీ రేడియేటర్లలో కూలర్ లీకై, 722.6 అనే 5 గేర్ల బాక్సులోకి గ్లైకాల్ చేరేది. గంటకు 50 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచినప్పుడు, రోడ్డు మీద రంబుల్ స్ట్రిప్స్ దాటుతున్నట్టు వణికేది. గట్టిగా తొక్కితే పోయేది. చాలామంది టైర్ల బ్యాలెన్సింగ్ చేయించుకుని, ఇంజిన్ మౌంట్లు మార్పించుకుని తిరిగారు. అప్పటికి నూనె చూస్తే ఎర్రగానే ఉండేది. పాలరంగు రావాలంటే నీళ్లు బాగా చేరాలి, గ్లైకాల్ హాని చేయడానికి అంత అక్కర్లేదు. ఈ కథంతటిలో నాకు అతి ముఖ్యమని తోచేది ఈ తేడానే. గులాబీ రంగు కనబడే నాటికి గేర్‌బాక్సులో చెడాల్సింది చాలావరకు చెడిపోయి ఉంటుంది. పట్టుకోవాల్సింది అంతకు ముందే.

తిమింగలం నుంచి వచ్చిన చిక్కు

కాస్త పక్కదారి పడితే, ఈ లీకు కథలో ఒక తిమింగలం కూడా ఉంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ గేర్‌బాక్సును జనంలోకి తెచ్చింది. 1949లో దానికి తగిన నూనెకు ‘టైప్ ఎ’ అని ఒక ప్రమాణం పెట్టింది. 1967లో డెక్స్రాన్ అనే కొత్త ప్రమాణం వచ్చింది. ఇంజిన్ ఆయిల్‌తో పొరబడకుండా, లీకైతే ఎక్కడిదో తెలిసేలా నూనెకు ఎర్ర రంగు కలిపేవారు. ఆ రంగుకు అంతకు మించి పనేమీ లేదు.

ఆ నూనెల్లో రాపిడి సరిగా కుదరడానికి వాడింది స్పెర్మ్ తిమింగలం నూనె. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. దాని నూనె దిగుమతి ఆగిపోయింది. బదులుగా కొత్త రసాయనాలతో డెక్స్రాన్-2 తయారుచేశారు. అయితే దాని తొలి రకం రేడియేటర్ కూలర్లలోని సోల్డర్ అతుకులను తినేయడం మొదలుపెట్టింది. అతుకులు ఊడి కూలెంట్ గేర్‌బాక్సుల్లోకి దిగింది. ఆ దశాబ్దం మధ్యలో డెక్స్రాన్-2డి వచ్చాక గానీ గొడవ సర్దుకోలేదు. గోడను ఒకవైపు నుంచి కూలెంట్ తినొచ్చు, రెండో వైపు నుంచి నూనే తినొచ్చు. సముద్రంలో ప్రాణిని కాపాడబోతే డెట్రాయిట్ గేర్‌బాక్సులు మునిగాయి.

ముందు సీసా చూడండి

ఇక పసిగట్టడం దగ్గరికొద్దాం. గేర్‌బాక్సు సంగతి తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది కూలెంట్ బాటిల్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు నూనె అటు వెళ్తుంది కాబట్టి తొలి సాక్ష్యం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బాటిల్ మూత తీసి చూడండి. వేడి మీద మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు, మొహం కాలుతుంది. పైన జిడ్డు తెట్టు తేలుతున్నా, గోడలకు గులాబీ రంగు జిగురు అంటుకున్నా అనుమానించాల్సిందే. రేడియేటర్ పై హోసు చేత్తో నొక్కితే మెత్తగా, ఉబ్బినట్టు తగలడం మరో గుర్తు. కూలెంట్ హోసుల రబ్బరు నూనెకు ఓర్చుకోలేదు. కూలెంట్ మట్టం తగ్గుతూ, కారు కింద ఒక్క చుక్కా కనబడకపోతే అది ఎక్కడికి పోతోందని అడగాలి. దీనికి వేరే జవాబులూ ఉన్నాయి. హెడ్ గ్యాస్కెట్ పోయినా కూలెంట్ తగ్గుతుంది. ఇంజిన్ ఆయిల్ కూలర్ పోతే కూలెంట్‌లోకి వచ్చే జిడ్డు గోధుమరంగులో, నల్లగా ఉంటుంది. అందుకే ఇంజిన్ ఆయిల్ గేజీ కూడా తీసి చూడాలి. అది శుభ్రంగా ఉండి, కూలెంట్‌లో ఎర్రటి జిడ్డు ఉంటే వేలు గేర్‌బాక్సు కూలర్ వైపే చూపుతుంది.

గేర్‌బాక్సుకు గేజీ ఉన్న కార్లలో దాన్ని లాగి చూడటం తేలికే. నూనె మబ్బుగా ఉందా, మట్టం ఎవరూ పోయకుండానే పెరిగిందా, గేజీ పైభాగాన నీటి బొట్లు, తుప్పు ఉన్నాయా అని చూడాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ గేజీయే లేదు. ‘జీవితాంతం మార్చక్కర్లేని నూనె’ అంటూ సీలు వేసి ఇస్తున్నారు. (ఎవరి జీవితాంతమో చెప్పరు.) అలాంటి వాటికి కారు ఎత్తి, నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర చెక్ ప్లగ్ విప్పాలి. అది షెడ్డులో జరగాల్సిన పని.

రంగును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. గేర్ ఆయిల్ అంతా ఎర్రగా ఉండదు. మెర్సిడెస్ కొత్త నూనెల్లో ఒకటి నీలం, కొన్ని సీవీటీ (గేరు మెట్లు లేని ఆటోమేటిక్) నూనెలు ఆకుపచ్చ. కూలెంట్లు కూడా పచ్చ, ఎరుపు, గులాబీ, నారింజ అంటూ కంపెనీకో రంగు. టయోటా కూలెంట్ ఎరుపు, గులాబీ రంగుల్లో వస్తుంది కాబట్టి బాటిల్లో ఎరుపు చూసి కంగారు పడితే నవ్వులపాలవుతారు. ఇంకో మోసం కూడా ఉంది. నూనె కొలతకు మించి పోస్తే తిరిగే భాగాలు దాన్ని చిలికి గాలి బుడగలు నింపుతాయి. అప్పుడూ గులాబీ నురగే కనబడుతుంది. తేడా తేల్చడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కొంచెం నూనె గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచితే చాలు. గాలి నురగైతే తెల్లారేసరికి తేటపడి ఎర్రగా నిలుస్తుంది. కూలెంట్ కలిసినదైతే మబ్బుగానే ఉంటుంది, ఒక్కోసారి అడుగున నీటి పొర దిగుతుంది.

చుక్క చిటపటమంటే

నీళ్లున్నాయా లేదా తేల్చడానికి ఫ్యాక్టరీల్లో చాలాకాలంగా వాడే పరీక్ష ఒకటుంది. 130 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాగిన ఇనుప పళ్లెం మీద ఒక చుక్క నూనె వేస్తారు. శుభ్రమైన నూనె చప్పుడు లేకుండా పరుచుకుంటుంది. నీళ్లుంటే బుడగలొచ్చి చిటపటమంటుంది. సుమారు 0.1 శాతం నీళ్లున్నా వినబడుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, మంటకు దూరంగా చేయాలి.

కానీ ఈ పరీక్షకు ఒక గుడ్డి కోణం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. గేర్‌బాక్సు నూనె 80, 90 డిగ్రీల్లో తిరుగుతుంటుంది. లీకు చిన్నదైతే లోపలికొచ్చిన నీళ్లు ఎప్పటికప్పుడు ఆవిరై బ్రీదర్ (గేర్‌బాక్సుకు గాలాడే రంధ్రం) గుండా పోతుంటాయి. గ్లైకాల్ మరిగేది 197 డిగ్రీల దగ్గర. అది ఎక్కడికీ పోదు, లోపలే పేరుకుంటుంది. ఇనుప పళ్లెం మీద అది చిటపటలాడదు. చప్పుడు రాలేదు కదా అని నిశ్చింతగా ఉంటే, అసలు దోషి నూనెలోనే ఉండిపోతాడు.

గ్లైకాల్‌ను పట్టుకోవడానికి రసాయన పరీక్ష వేరే ఉంది. నూనె నమూనాను నీళ్లతో కూడిన ద్రావణంతో కలిపి కుదిపితే గ్లైకాల్ నీటి వైపు వచ్చేస్తుంది, ఎర్ర రంగు నూనెలోనే ఉండిపోతుంది. ఆ నీటికి పెరయోడిక్ ఆమ్లం చేరిస్తే గ్లైకాల్ విరిగి ఫార్మాల్డిహైడ్ అవుతుంది. తర్వాత వేసే షిఫ్ రసాయనం దాన్ని తాకి ఊదా రంగుకు తిరుగుతుంది. ఈ సూత్రం మీద తయారైన చిన్న కిట్లు దొరుకుతాయి. మెర్సిడెస్ వర్క్‌షాపులు ఆ వణుకు కేసులకు గ్లైకాల్ పరీక్ష కిట్‌నే వాడాయి.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే ల్యాబుకు పంపాలి. ఫ్యాక్టరీలకూ, జనరేటర్లకూ, పెద్ద ఫ్లీట్లకూ నూనె పరీక్షలు చేసే ల్యాబులు మన దగ్గరా ఉన్నాయి. ఒక చిన్న సీసా నమూనా చాలు. నీటి శాతాన్ని 1935లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫిషర్ కనిపెట్టిన పద్ధతిలో కొలుస్తారు. దానికన్నా నేను ముందు చూడమనేది రిపోర్టులో సోడియం, పొటాషియం అంకెలు. తుప్పు పట్టకుండా కూలెంట్లో కలిపే రసాయనాల్లో ఇవి ఉంటాయి. గేర్ ఆయిల్లో సాధారణంగా ఉండవు. నీళ్లు ఆవిరైపోవచ్చు గానీ ఈ లోహాలు పోవు. సిలికాన్, బోరాన్ కూడా కూలెంట్ గుర్తులే, కానీ నూనెలోనే కొంత బోరాన్, నురగ రాకుండా కొంత సిలికాన్ కలుపుతారు. అందుకే అదే బ్రాండు కొత్త నూనె ఒక సీసా కూడా పంపి పోల్చమనాలి. లేకపోతే లేని జబ్బు కనబడుతుంది.

చివరిగా మిగిలేది లీకు ఎక్కడో రుజువు చేయడం. కూలర్ పైపులు రెండూ విప్పి, ఒకటి మూసి, రెండో దాని గుండా కొలతగా గాలి ఒత్తిడి పెడతారు. రేడియేటర్లో బుడగలు వస్తే తేలిపోయినట్టే. చల్లగా ఉన్నప్పుడు రాని లీకు వేడిలో రావొచ్చు, కాబట్టి బుడగలు రాలేదని మాత్రమే రేడియేటర్‌ను నిర్దోషిగా వదిలేయకూడదు.

బోరు నీళ్లు, వరద నీళ్లు

మన రోడ్ల మీద ‘ఆటోమేటిక్’ అని రాసి ఉన్న ప్రతి కారుకూ ఈ భయం లేదు. చిన్న కార్లలో వచ్చే ఏఎంటీ అసలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కి గేరు మార్చే పనిని యంత్రం చేస్తుంది, అంతే. దాని నూనెకు కూలెంట్‌తో పనిలేదు. టార్క్ కన్వర్టర్ ఉన్నవి, కొన్ని సీవీటీలు, తడి క్లచ్‌లున్న డ్యూయల్ క్లచ్ బాక్సులు మాత్రం ఈ లెక్కలోకి వస్తాయి.

మన దగ్గర గోడను తినేది ఎక్కువగా బోరు నీళ్లని నా అభిప్రాయం. బాటిల్లో మట్టం తగ్గిందని కుళాయి కింద పట్టేస్తారు, లేదా దారిలో చేతికందిన నీళ్లు పోసేస్తారు. తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో బోరు నీటి కాఠిన్యం ఎంతో స్నానం చేసిన ప్రతివాళ్లకూ తెలుసు. అందులోని లవణాలు లోహాన్ని కొరుకుతాయి, సున్నం పేరుకుంటుంది, కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు పలచబడిపోతాయి. మూత మీద రాసిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడం, కంపెనీ చెప్పిన గడువుకు మార్చడం తప్ప దీనికి మందు లేదు.

వరద కార్ల సంగతి వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు నీళ్లలో నిలబడిపోయాయి. అలా మునిగిన కారు గేర్‌బాక్సులోకి బ్రీదర్ గుండా నీళ్లు వెళ్లగలవు. అక్కడా పాలరంగు నూనే వస్తుంది. దాన్ని చూసి రేడియేటర్ మార్చడం వృథా. గ్లైకాల్ పరీక్ష ఇక్కడ తేల్చేస్తుంది. నీళ్లుండి గ్లైకాల్ లేకపోతే అది బయటి నీరు. సెకండ్ హ్యాండ్ కారు బేరమాడేటప్పుడు ‘వరదలో తడవలేదు సార్’ అన్న మాట కన్నా ఆ సీసాలోని నూనె నయం.

దొరికాక ఏం చేయాలి

రెండూ కలిశాయని తెలిసిన క్షణం నుంచి ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. షెడ్డు పక్క వీధిలోనే ఉన్నా టోయింగ్ బండి మీదే పంపాలి. నడిపిన ప్రతి కిలోమీటరూ మిశ్రమాన్ని ప్లేట్లలోకి ఇంకా లోతుగా తోస్తుంది.

‘రేడియేటర్ మార్చేసి, ఆయిల్ ఫ్లష్ చేసేద్దాం సార్, సరిపోతుంది’ అని షెడ్డులో అనొచ్చు. కొన్నిసార్లు నిజంగానే సరిపోతుంది. లీకు మొదలైన కొద్దిరోజుల్లోనే పట్టుకుంటే, వణుకు ఇంకా రాకపోతే, రేడియేటర్ మార్చి మళ్లీ మళ్లీ నూనె మార్చడం సమంజసమే. ఒక్కసారి డ్రెయిన్ చేస్తే చాలదు. నూనెలో పెద్ద భాగం టార్క్ కన్వర్టర్లోనే ఉండిపోతుంది, అందుకే ఆ పని పలుమార్లు చేయాలి. తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి నూనెను మళ్లీ ల్యాబుకు పంపి సోడియం, పొటాషియం చూడాలి. నూనె గులాబీ పాలై, గేర్లు జారుతున్న దశలో ఫ్లష్ చేయించడం మాత్రం డబ్బు దండగ. కాగితం పొరల్లోకి ఇంకిన నీరు కొత్త నూనె పోస్తే బయటికి రాదు. బాక్సు విప్పి ప్లేట్లు, సీళ్లు మార్చి, టార్క్ కన్వర్టర్‌ను మార్చడమో, కోసి బాగుచేయించడమో తప్పదు. బండి విలువకు మించి ఖర్చయ్యేలా ఉంటే అదే మోడల్ పాత గేర్‌బాక్సు వెతుక్కోవడం మరో దారి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఆ బేరం జరుగుతూనే ఉంటుంది. కొనే ముందు ఆ బాక్సులో మిగిలిన నూనె కూడా ఓ చుక్క చూడాలి.

నిస్సాన్ యజమానుల్లో చాలామంది గేర్‌బాక్సు పోయే రోజు దాకా ఆగలేదు. రేడియేటర్ లోపలి కూలర్‌కు వెళ్లే పైపులు పీకేసి, ముందు గ్రిల్ వెనక గాలితో చల్లబడే విడి కూలర్ బిగించుకున్నారు. రెండు ద్రవాలూ కలిసే చోటే లేకుండా చేశారు. మన ఎండలకు ఆ ఏర్పాటు బాగానే నప్పుతుంది, కొలతకు తగ్గ కూలర్ అయితే. మంచు కురిసే ఊళ్లలో మాత్రం నూనె వెచ్చబడటం ఆలస్యమవుతుంది, అక్కడ థర్మోస్టాట్ ఉన్న కూలర్ పెట్టుకోవాలి. వారంటీలో ఉన్న కారుకు ఇలా కోతలు పెడితే వారంటీ పోయే అవకాశం ఉంది. కాబట్టి పైపు కోసే ముందు ఆ కాగితాలు ఓసారి చదవాలి.